నక్షత్రం లేని ప్రశ్న

పత్రికాఫీసు డెస్క్‌లో గడిపిన ఇరవై రెండేళ్ళలో నా సంతకం కంటే ఎక్కువసార్లు రాసిన వాక్యం ఒకటుంది. "...అని కేంద్రమంత్రి లిఖితపూర్వక సమాధానంలో తెలిపారు." పార్లమెంటు సమావేశాలు మొదలయ్యాయంటే చాలు, సాయంత్రానికి ఢిల్లీ నుంచి ఈ తోక తగిలించుకున్న వార్తలు బారులు తీరేవి. ఏ రాష్ట్రంలో ఎన్ని పోస్టాఫీసులు, ఏ పథకం కింద ఎంత విడుదల, ఏ శాఖలో ఎన్ని ఖాళీలు. మొదటి పేజీకెక్కే యోగం వాటికి లేదు. లోపలి పేజీలో నగల దుకాణం ప్రకటన కింద రెండంగుళాల చోటు మిగిలితే పూడ్చడానికి వాడేవాళ్ళం. మా న్యూస్ ఎడిటర్ మాత్రం ఒక్కోసారి కాపీ తిప్పి పంపేవారు. "తెలిపారా, తెలివిగా తప్పించుకున్నారా? చూసి రాయవయ్యా" అనేవారు.

అప్పట్లో ఆ మాటకి విసుగొచ్చేది. ఉద్యోగం అయిపోయి తీరిక దొరికాక ఆ జవాబుల్నే వరసగా కూర్చుని చదవడం మొదలుపెట్టాను. కొందరు రిటైరయ్యాక రామకోటి రాస్తారు, కొందరు పేకాడతారు. నాకిది పట్టుకుంది. ఇంట్లోవాళ్ళు మొదట కంగారుపడ్డారు, తర్వాత అలవాటు పడ్డారు.

సభలో ప్రశ్నలు ప్రధానంగా రెండు జాతులు. నక్షత్రం గుర్తు ఉన్నవి, లేనివి. గుర్తున్నదానికి మంత్రి లేచి నిలబడి నోటితో జవాబు చెప్పాలి. అడిగినవారూ, వారి పక్కవారూ అనుబంధ ప్రశ్నలతో గుచ్చవచ్చు. టీవీలో మనం చూసే రభస అంతా ఇక్కడిదే. లోక్‌సభలో ఇవి రోజుకు 20, రాజ్యసభలో 15. గుర్తు లేనివి లోక్‌సభలో రోజుకు 230, రాజ్యసభలో 160. అంటే జరిగే ప్రశ్నోత్తరాల్లో పదింట తొమ్మిది వంతుల పైన ఎవరి గొంతూ వినపడకుండా కాగితం మీదే జరిగిపోతాయి. ఆ 20లోనైనా గంట గడిచేసరికి నాలుగైదు అయితే గొప్ప. 2019 నవంబర్ 27న లోక్‌సభలో 20కి 20 పూర్తయితే అదే ఒక వార్త అయింది. మిగతా రోజుల్లో వంతు రానివి కూడా రాతపూర్వక జవాబుల కట్టలోకే పోతాయి.

ముద్రించే రోజుల్లో లోక్‌సభలో నక్షత్రం ప్రశ్నల జాబితా ఆకుపచ్చ కాగితం మీద, నక్షత్రం లేనివాటి జాబితా తెల్లకాగితం మీద వేసేవారట. మన సంబంధాల్లోనూ నక్షత్రం తెలియని పిల్లని పెళ్ళిళ్ళ పేరయ్య జాబితా అడుక్కి తోసేస్తాడు. నా అభిమానం మాత్రం ఆ తెల్లకాగితం మీదే.

అడగడం ఏమంత తేలిక కాదు. కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి. వందల నోటీసుల్లో ఎవరిది ముందో లాటరీ తేలుస్తుంది. ప్రశ్న 150 మాటలు దాటకూడదు. వాదన ఉండకూడదు. ఊహించి అడగకూడదు. మంత్రిగారి అభిప్రాయం అడగకూడదు. ఇదివరకు జవాబిచ్చినదాన్ని మళ్ళీ అడగకూడదు. ఎవరినీ నిందించకూడదు, విశేషణాలు తగిలించకూడదు. వీటన్నిటితో పాటు వ్యంగ్యం ఉండకూడదు. నేను కల్పించింది కాదు, లోక్‌సభ నియమావళి 41వ నిబంధనలో నిజంగానే ఉంది.

వ్యంగ్యం తీసేస్తే తెలుగువాడి దగ్గర అడగడానికి ఏం మిగులుతుంది? పెళ్ళి పంక్తిలో వడ్డన ఆలస్యమైతే "ఏమండీ, వంకాయలింకా చేలోనే ఉన్నాయా?" అని అడిగే జాతి మనది. 41వ నిబంధన ప్రకారమైతే ఇలా అడగాలి: "(ఎ) మూడో బంతిలో కూర వడ్డించడంలో జాప్యం జరిగిన మాట వాస్తవమేనా? (బి) అయితే, వివరాలేమిటి? (సి) కాకపోతే, కారణాలేమిటి?" నవ్వొస్తుంది నిజమే. కానీ ఆలోచించండి. మొదటి ప్రశ్నకి వంటాయన కూడా నవ్వేసి, "వస్తోంది బాబయ్యా" అంటూ గరిటె ఊపుకుంటూ వెళ్ళిపోతాడు. రెండో ప్రశ్నకి అలా వెళ్ళలేడు. అవునో కాదో చెప్పాలి. చెప్పింది రాసివ్వాలి. రాసినదాని కింద తారీఖు వెయ్యాలి. అక్కడ పట్టుకుంటుంది అసలు చిక్కు.

ప్రశ్నలంటే మనవాళ్ళకి వెంటనే యక్షుడు గుర్తొస్తాడు. నాకు ఆ పోలిక నచ్చదు. యక్షుడి చేతిలో నలుగురు తమ్ముళ్ళ ప్రాణాలున్నాయి కాబట్టి ధర్మరాజు తు.చ. తప్పకుండా జవాబులు చెప్పాడు. ప్రతిపక్ష సభ్యుడి చేతిలో ఎవరి ప్రాణాలూ ఉండవు. నాకు గుర్తొచ్చేది ద్రౌపది. దుర్యోధనుడు ప్రాతికామిని పంపి సభకు రమ్మంటే ఆవిడ వెళ్ళలేదు. అతని చేతే ఒక ప్రశ్న పంపింది: ఆయన ముందు తన్ను తాను ఓడాడా, నన్ను ఓడాడా? కనుక్కుని రా. చూడండి, అందులో వాదన లేదు, నింద లేదు, విశేషణం లేదు, వ్యంగ్యం అసలే లేదు. రెండింటిలో ఏది ముందు అన్న ఒక్క వాస్తవం. 41వ నిబంధనకి ఇంతకంటే చక్కగా ఒదిగిన ప్రశ్న నాకు కనపడలేదు. జవాబు ఏమొచ్చింది? ధర్మరాజు నోరు విప్పలేదు. చివరికి భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనది, తేల్చి చెప్పలేనన్నాడు. మా డెస్క్ భాషలో దాన్ని "విషయం పరిశీలనలో ఉంది" అంటారు. విదురుడూ, కుర్రవాడు వికర్ణుడూ తప్ప ఆ నిండు సభలో ఆ ప్రశ్నని ప్రశ్నగా తీసుకున్నవాళ్ళు లేరు.

ఈ "పరిశీలనలో ఉంది" అన్నది చిన్న మాట కాదు. మంత్రులు సభలో ఇలాంటి మాటలు అనేసి మరిచిపోతున్నారని 1953లోనే లోక్‌సభ ప్రభుత్వ హామీల కమిటీని ఏర్పాటు చేసింది. 1972లో రాజ్యసభా పెట్టుకుంది. ఏయే వాక్యాలంటే హామీ కింద లెక్కో ఆ కమిటీ దగ్గర ఒక పట్టికే ఉంది. "పరిశీలనలో ఉంది", "విచారిస్తాను", "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం" వగైరా. ఆ మాట అన్న మూడు నెలల్లో తేల్చాలని నియమం. తేలకపోతే గడువు పొడిగించమని శాఖ కమిటీని బతిమాలుకోవాలి. తప్పించుకోవడానికి వాడే మాటల్ని ఏరి, జాబితా కట్టి, ఇవి అంటే మాట ఇచ్చినట్టే అని తిరగేసి పట్టుకోవడం నాకు భలే నచ్చింది. పుట్టింటికి పంపిస్తాలే అన్న మాటని కోడలు కేలెండర్ మీద రాసి పెట్టుకున్నట్టు.

మన రెండు రాష్ట్రాలవాళ్ళకి ఈ మాటతో పదేళ్ళు దాటిన అనుబంధం ఉంది. 2014 విభజన చట్టం 13వ షెడ్యూలు చూడండి. కడప జిల్లాలో ఒకటి, అప్పటి ఖమ్మం జిల్లాలో ఒకటి ఉక్కు కర్మాగారం పెట్టే వీలుందేమో ఆరు నెలల్లో పరిశీలించాలని అందులో ఉంది. కొత్త రైల్వే జోన్ సంగతీ, తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సంగతీ అలాగే పరిశీలించాలి. మనం అక్కడ చదువుకున్నది "కడతారు" అని. రాసి ఉన్నది "పరిశీలిస్తారు" అని. ఆ తర్వాత ఖమ్మం వాటా ఉక్కుకి అనుకున్న బయ్యారం గురించి, కడప గురించి, విశాఖ రైల్వే జోన్ గురించి మన ఎంపీలు పార్టీలకతీతంగా పదేపదే అడిగారు. "పరిశీలనలో ఉంది" అని జవాబొస్తే గడువు సంగతి పక్కన పెడితే అది చట్టాన్ని తప్పినట్టు కాదు, అక్షరాలా పాటించినట్టు. చట్టం రాసిన రోజే క్రియాపదం దగ్గర మోసపోయాం. జోన్‌ని 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. ఆరు నెలల పరిశీలనకి మన కేలెండర్ సరిపోలేదన్నమాట.

ఇంకో మాట ఉంది, దీనికంటే ఘాటైనది. మన శాసనసభ కాగితాల్లో తెలుగులో చదివితే దాని అందం తెలుస్తుంది. ఎ) లేదండి. బి) ప్రశ్న ఉత్పన్నం కాదు. ఆ "అండి" చూడండి, ఎంత మర్యాద! వెంటనే ఆ "ఉత్పన్నం కాదు" చూడండి, తలుపు ధడాలున వేసినట్టు. మొదటిదానికి లేదన్నాక రెండోదానికి చెప్పేదేముంటుందని దాని తర్కం. తర్కం సరైనదే. అందుకే ఎ దగ్గర "లేదండి" అనడానికి అంత అవస్థ పడతారు.

2021 చివర్లో సాగు చట్టాలు వెనక్కి తీసుకున్నాక, ఆ ఉద్యమంలో చనిపోయిన రైతుల కుటుంబాలకి సాయం చేస్తారా అని లోక్‌సభలో అడిగారు. వ్యవసాయశాఖ ఇచ్చిన రాతపూర్వక జవాబు: ఆ విషయంలో మా దగ్గర రికార్డు లేదు, కాబట్టి సాయం ప్రశ్నే ఉత్పన్నం కాదు. ఇక్కడ మన కథొకటి కలుస్తుంది. దానికి కొద్దిరోజుల ముందే అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ ఆ కుటుంబాలకి తలా మూడు లక్షలు ఇస్తానని ప్రకటించి ఉన్నారు. 2022 మే 22న చండీగఢ్ వెళ్ళి చెక్కులు పంచారు. దాని వెనక రాజకీయం లేదని నేననను. దేశ రాజకీయాల్లో ఆయనకున్న ఆశ జగమెరిగినదే. కానీ చెక్కు మీద పేరు రాయాలి కదా. ఒక ప్రభుత్వం రికార్డు లేదన్న మనుషుల కుటుంబాల పేర్లు ఇంకో ప్రభుత్వం చెక్కుల మీద పడ్డాయి. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవగలుగుతున్నామంటే, ఎవరో ఒక ఎంపీ 15 రోజుల ముందు నోటీసిచ్చి అడిగాడు కాబట్టి.

అడగడంలో ఉన్న పనితనమంతా మాట ఎంచుకోవడంలో ఉంది. ఇది నాకు తెలిసింది మురుగు గుంతల ప్రశ్నల దగ్గర.

చేతులతో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. ఆ పని వల్ల ఎంతమంది చనిపోయారు అని సభలో అడిగితే, అలాంటి మరణాలు తమ దృష్టికి రాలేదని సామాజిక న్యాయశాఖ జవాబిచ్చింది. చదివినవాడు హమ్మయ్య అనుకుంటాడు. అదే శాఖని మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు ప్రమాదకర పరిస్థితుల్లో శుభ్రం చేస్తూ ఎంతమంది చనిపోయారని అడిగితే అయిదేళ్ళలో మూడు వందలకు పైగా అని 2021లో లెక్క చెప్పింది. మనుషులు వాళ్ళే, గుంత అదే, విషవాయువు అదే. మారింది మాట. చట్టంలో ఒకదానికి ఒక నిర్వచనం, ఇంకోదానికి ఇంకో నిర్వచనం. మొదటి మాట వాడి అడిగితే సున్నా, రెండో మాట వాడితే శవాలు. జవాబిచ్చిన అధికారి రెండుసార్లూ అబద్ధం రాయలేదు. అదీ భయం.

ఈ తేడా అందరికంటే ముందు తెలుసుకున్నవాడు మనవాడు ఒకడున్నాడు. బెజవాడ విల్సన్. కోలారు బంగారు గనుల్లో ఈ పనే చేసిన తెలుగు కుటుంబంలో పుట్టాడు. సఫాయి కర్మచారి ఆందోళన్ పెట్టినవాళ్ళలో ఒకడు, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నాడు. ఎక్కడ ఎవరు ఏ గుంతలో పోయారో పేర్లతో లెక్క రాయడం ఆ సంఘం పనిలో పెద్ద భాగం. ప్రభుత్వం సున్నా అన్నప్పుడు ఎదురు పెట్టడానికి బయట ఒక లెక్క ఉండాలి. అది లేకపోతే ఏ మాట వాడాలో సభలో అడిగేవాడికీ తెలియదు.

ఆక్సిజన్ సంగతీ ఇలాంటిదే, కాకపోతే ఇక్కడ కథ ఒక అడుగు ముందుకు నడిచింది. 2021 జూలై 20న రాజ్యసభలో ఆరోగ్యశాఖ రాతపూర్వకంగా ఇచ్చిన జవాబు మీకు గుర్తుండే ఉంటుంది. ఆక్సిజన్ అందక చనిపోయినట్టు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ప్రత్యేకంగా ఏమీ నివేదించలేదని. ఆ ఏప్రిల్, మే నెలల్లో సిలిండర్ కోసం అర్ధరాత్రి ఫోన్లు చేసినవాళ్ళం అందరం ఆ వాక్యం చదివి నిర్ఘాంతపోయాం. దేశమంతా తిట్టింది. నేనూ తిట్టాను. కాస్త చల్లారాక మా న్యూస్ ఎడిటర్ మాట గుర్తొచ్చి మళ్ళీ చదివాను. ఎవరూ చనిపోలేదని అందులో లేదు. "రాష్ట్రాలు నివేదించలేదు" అని ఉంది. బంతిని రాష్ట్రాల కోర్టులోకి కొట్టారు. దాంతో రాష్ట్రాలని అడగక తప్పింది కాదు. అడిగాక ఆగస్టులో రాజ్యసభకే ఇంకో రాతపూర్వక జవాబొచ్చింది. ఆంధ్రప్రదేశ్ చెప్పిన దాని ప్రకారం మే 10న తిరుపతిలో రుయా ఆసుపత్రిలో వెంటిలేటర్ మీదున్న కొందరు కోవిడ్ రోగులు చనిపోయారనీ, ఆక్సిజన్ ట్యాంకుకీ బదులు ఏర్పాటు అందుకోవడానికీ మధ్య జాప్యం జరిగి ఒత్తిడి తగ్గిందనీ. ఆ రాత్రి చనిపోయినవారు 11 మంది అని అప్పుడే జిల్లా అధికారులు ప్రకటించారు. జవాబులో వారు "కొందరు". అయినా సరే, జూలైలో లేని మనుషులు ఆగస్టుకి కాగితం మీదికి వచ్చారు. మొదటి జవాబు మీద కోప్పడి ఊరుకుని ఉంటే రెండోది వచ్చేది కాదు.

ఈ హక్కు మనకు ఆకాశం నుంచి పడలేదు. 1861 చట్టంతో వచ్చిన శాసనమండలిలో నోరెత్తి ప్రశ్న అడిగే వీల్లేదు. 1892లో ఆ వీలొచ్చింది. అదీ ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు. జవాబు మీద చర్చ కూడదు, అనుబంధ ప్రశ్న లేదు. దానికి 1909 దాకా ఆగాలి. 1893 ఫిబ్రవరి 16న మొట్టమొదటి ప్రశ్న అడిగినవాడు అవధ్ ప్రాంతంలోని భింగా రాజా. ఒక రాజావారు తొలి అవకాశం వస్తే ఏమడుగుతారు? బిరుదులో, భరణాలో అడుగుతారనుకుంటాం. ఆయన అడిగింది పల్లెటూరి కోమటి కొట్ల గురించి. దొరలు క్యాంపులకి వచ్చినప్పుడు సరుకులన్నీ సరఫరా చెయ్యలేక ఊళ్ళో దుకాణదారులు పడుతున్న కష్టాల గురించి. మన పల్లెల్లోనూ జమాబందీకి వచ్చే దొరకి పాలూ గుడ్లూ కోళ్ళూ చేరవేసిన తాతల కథలు వినే ఉంటారు. తెలంగాణలో దాని పేరు వెట్టి. ఈ దేశపు చట్టసభల్లో పుట్టిన మొదటి ప్రశ్న ఉప్పూ పప్పూ బాకీ గురించినది కావడం నాకు చెప్పలేనంత సంతోషం.

ప్రశ్నకి మంత్రులు కూలిన సందర్భాలూ ఉన్నాయి. 1957లో జీవిత బీమా సంస్థ, పుట్టి ఏడాది కాకుండానే, హరిదాస్ ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల్లో కోటీ పాతిక లక్షల దాకా పెట్టి వాటాలు కొంది. సెప్టెంబర్‌లో రామ్ సుభగ్ సింగ్ అనే కాంగ్రెస్ సభ్యుడు దాని మీద ప్రశ్న వేశారు. సరైన జవాబు రాలేదు. డిసెంబర్‌లో ఫిరోజ్ గాంధీ అందుకున్నారు. ఆయనా పాలక పక్షమే, పైగా ప్రధాని అల్లుడు. అప్పుడు స్పీకర్ స్థానంలో ఉన్నది మన తిరుచానూరు బిడ్డ మాడభూషి అనంతశయనం అయ్యంగార్. విచారణకి జస్టిస్ చాగ్లాను వేశారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. పాలక పక్షం సభ్యులే తమ మంత్రిని రాతలో ఇరికించిన రోజులవి. ఈ కాలంలో పాలక పక్షం సభ్యుల ప్రశ్నలు చూస్తే నాకు పెళ్ళిచూపులు గుర్తొస్తాయి. "అమ్మాయికి పాటలొచ్చా?" అని అడిగేది రావని చెప్పించుకోవడానికి కాదు. "ఫలానా పథకం వల్ల ఎంతమంది లబ్ధి పొందారు?" అన్నదీ అంతే.

అమ్ముడుపోయిన ప్రశ్నలూ ఉన్నాయి, దాచడమెందుకు. 1951లో ముద్గల్ అనే సభ్యుడు బొంబాయి బులియన్ వర్తకుల నుంచి డబ్బు తీసుకుని ప్రశ్నలు వేసినందుకు పార్లమెంటులో చోటు పోగొట్టుకున్నాడు. 2005 డిసెంబర్ 23న ఒకే రోజు 11 మంది ఎంపీలని బయటికి పంపారు, ప్రశ్నలకు డబ్బు తీసుకుంటూ రహస్య కెమెరాకి దొరికినందుకు. ఇది విన్నప్పుడల్లా నాకు వచ్చే ఆలోచన కాస్త అడ్డగోలుది: విలువ లేని సరుకుకి ఎవడూ లంచమివ్వడు కదా. మేం ఫిల్లర్ కింద వాడుకున్న సరుకు విలువ దుకాణదారులకి మా కంటే బాగా తెలుసు. ఈ మధ్య ఎన్ని ప్రశ్నలడిగితే అంత మంచి ఎంపీ అని ర్యాంకులు కట్టే అలవాటొకటి వచ్చింది. దాని మీద నాకు నమ్మకం లేదు. సహాయకుడు తయారు చేసిన నలభై ప్రశ్నల కంటే, ఊరు తిరిగొచ్చి వేసిన ఒక్క ప్రశ్న మేలు.

ఊరంటే గుర్తొచ్చింది. మా ఊరికీ బస్సు రోడ్డుకీ మధ్య కాలువ. దాని మీద తాటిదూలాల వంతెన. వానాకాలంలో దాని మీద నడవడం సర్కస్. నేను ఏడో తరగతిలో ఉండగా ధాన్యం బండి ఒకటి దూలం విరిగి కాలువలో పడింది. ఎడ్లు రెండూ పోయాయి. మా నాన్న బడిపంతులు. ఎమ్మెల్యేగారు తెలిసినవారే కావడంతో శాసనసభలో అడిగించాలని కూర్చుని ప్రశ్న రాశారు. నాలుగు భాగాలు, ముత్యాల్లాంటి అక్షరాలు. మూడో భాగం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: "ఇంకెన్ని ఎడ్లు, ఎందరు పిల్లలు పోయిన పిమ్మట ప్రభుత్వమువారు మేల్కొందురు?" ఎమ్మెల్యేగారి దగ్గరుండే ఆయన అది చదివి, "మాస్టారూ, ఇది సభలో ఒప్పుకోరండీ" అని కొట్టేశాడు. దాని బదులు "సదరు వంతెన శిథిలావస్థలో ఉన్న మాట వాస్తవమేనా?" అని రాసి, దాన్ని పైకి తెచ్చి (ఎ) చేశాడు. నాన్నకి ఆ రాత్రి అన్నం సయించలేదు. అంత మంచి వాక్యం పోయిందే అని.

కొన్ని నెలలకి సైక్లోస్టైల్ కాగితం వచ్చింది. ఎ) అవునండి. బి) అంచనాలు తయారు చేయబడుచున్నవి. సి) నిధుల లభ్యతను బట్టి చర్య తీసుకొనబడును. నేను (సి) చదివి మొహం వేలాడేశాను. నాన్న మాత్రం (ఎ) మీద వేలు పెట్టి, "అవునండి అన్నారు కదరా" అన్నారు. ఆ సంబరం నాకప్పుడు అర్థం కాలేదు. ఆ తర్వాత ఆయన ఎన్ని అర్జీలు పెట్టారో లెక్క లేదు. ప్రతి అర్జీకీ ఆ కాగితం నకలు చేత్తో రాసి జతచేసేవారు. ఏ ఆఫీసులోనైనా గుమాస్తా "వంతెన బాగానే ఉందని రిపోర్టు ఉందండీ" అంటే, సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టేవారు. శిథిలమైందని మంత్రే సభకి రాసిచ్చాక బాగానే ఉందని చెప్పడం ఏ గుమాస్తా తరమూ కాలేదు. సిమెంటు వంతెన ఆరేళ్ళకి వచ్చింది. ఆ కాగితం వల్లే వచ్చిందని నేను సాక్ష్యం చెప్పలేను. ఎన్నికలు కూడా ఆ ఏడే వచ్చాయి.

మన చేతుల్లో ఇలాంటి కాగితం ఇంకొకటి ఉండేది. 2005 సమాచార హక్కు చట్టం 8వ సెక్షన్‌లో ఒక వాక్యం ఉండేది: పార్లమెంటుకో శాసనసభకో ఇవ్వక తప్పని సమాచారాన్ని ఏ మనిషికీ లేదనకూడదు. ఆ ఒక్క వాక్యంతో ఊళ్ళో మాస్టారూ ఢిల్లీలో ఎంపీ ఒకే అరుగు మీద కూర్చున్నారు. 2023లో చేసిన వ్యక్తిగత డేటా చట్టం ఆ వాక్యాన్ని ఎత్తేసింది. మనలో ఎంతమందికి తెలిసింది? నాకు తెలిసినప్పటికే ఆలస్యమైంది, అదీ ఎక్కడో లోపలి పేజీలో చదివి.

ఎంపీలు అడిగినవీ మంత్రులు చెప్పినవీ మాత్రం పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఇంకా ఉన్నాయి. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఒక ఆదివారం మీ జిల్లా పేరు కొట్టి వెతకండి. ఇంగ్లిష్ అక్షరాల్లో స్పెల్లింగ్ రెండు మూడు రకాలుగా కొట్టండి, మన ఊళ్ళ పేర్లు అక్కడ ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. ఏదైనా జవాబులో "అవును" కనిపిస్తే, తారీఖు పోకుండా ఒక ప్రింటు తీసి దాచుకోండి.